నది వైపు ఒరిగిన ఇల్లు

మార్చి 6, 2011

కరెంటు వచ్చింది. ఫిబ్రవరి భూకంపం తర్వాత ఇంట్లో దీపాలు వెలగడం ఇదే మొదలు. ఇల్లు ఒరిగిందని అప్పుడే తెలిసింది.

చెప్పింది నా పరదాలు. రోడ్డు వైపు పరదాలు గోడను వదిలి గదిలోకి వచ్చి వేలాడుతున్నాయి, వెనక నుంచి ఎవరో ఊదుతున్నట్టు. నది వైపు పరదాలు గోడకు అతుక్కుపోయాయి. కిటికీలు మూసే ఉన్నాయి. గాలి లేదు. క్రైస్ట్‌చర్చ్‌లో ఎన్ని ఇళ్లకు పరదాలు కుట్టి తగిలించానో లెక్క లేదు. పరదా ఎప్పుడూ నేరుగా కిందికే వేలాడుతుంది. పక్కకు పోయింది గోడలే.

చూస్తుండగానే కడుపులో తిప్పింది. సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన బెవన్ వంటింట్లోంచి రెండు కప్పుల టీ తెచ్చాడు. చేతికర్ర లేకుండా. ఒక్క చుక్క ఒలకలేదు. ఏమిటి, అలా పాలిపోయావు అన్నాడు. ఇల్లు వంగిపోయింది బెవ్, కనబడటం లేదా అన్నాను. చుట్టూ చూశాడు. బాగానే ఉందిగా అన్నాడు.

మార్చి 7

పొద్దున్నే రెండుసార్లు వాంతి. కడుపుతో ఉన్నానని మురిసిపోయే వయసు ఎప్పుడో దాటింది.

మార్చి 12

భూకంపానికి నేల కింద నుంచి పైకి తన్నుకొచ్చిన బూడిద రంగు బురద పెరట్లో ఇంకా ఉంది. పారతో ఎత్తిన కొద్దీ కింద నుంచి ఊరుతోంది. ఎండితే ముఖానికి రాసుకునే పౌడరులా ఎగురుతోంది. వీధి మొత్తం పాత ఫొటోలో ఉన్నట్టుంది.

పక్కింటి ఫెతు వచ్చింది. సమోవా మనిషి, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ ఉంటుంది. వాళ్ల ఇల్లు కూడా నది వైపే ఒరిగింది. అక్కా, మా చారు కూడా గిన్నెలో ఒక పక్కకే పోతోంది, అమ్మకు ఆ పక్క నుంచే తోడి పెడుతున్నా అంది. నవ్వుతూనే గుమ్మం గట్టిగా పట్టుకుంది. వీధిలో అందరికీ ఇదే తంతు. ఇంట్లోంచి బయటికి రాగానే ఒక్క క్షణం కంచె పట్టుకుని నిలబడి, నేల ఎటుందో చూసుకుని, అప్పుడు అడుగేస్తున్నారు.

బెవన్ గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. మూడేళ్లుగా ఈ వీధికి నేనొక్కణ్నే తాగుబోతుని, ఇప్పుడు వీధి వీధంతా తాగింది అన్నాడు. ఫెతు పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మూడేళ్ల క్రితం చలికాలంలో అతనికి మెనింజైటిస్ వచ్చింది. బతికాడు. జ్వరం పోతూ పోతూ రెండు చెవుల లోపల ఉండి మనిషిని నిలబెట్టే తూకాన్ని పట్టుకుపోయింది. వినికిడి మిగిలింది. ఇళ్ల కప్పులు వేసే మనిషి, పిల్లిలా రేకుల మీద నడిచిన మనిషి, అప్పటి నుంచి కుర్చీ ఎక్కి బల్బు మార్చలేడు. కళ్లు తెరిచి ఉన్నంతసేపే నిలబడగలడు. చీకట్లో నరికిన చెట్టులా పడతాడు. సూపర్‌మార్కెట్‌లో ఒకసారి కాపలావాడు అడ్డంగా నిలబడి, పొద్దున్నే వేసుకొచ్చావా పెద్దాయనా అని అడిగాడు. ఆ తర్వాత బెవన్ ఆ కొట్టుకు వెళ్లలేదు.

ఇప్పుడు ఊళ్లో సగం కప్పులు విరిగి ఉన్నాయి. రోజంతా సుత్తుల చప్పుడు. అతను కిటికీ దగ్గర కూర్చుని వింటాడు.

మార్చి 20

బెవన్ వెళ్లే బ్యాలెన్స్ క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఈసారి అతని కోసం కాదు. ఇసొబెల్ అనే అమ్మాయి మాట్లాడింది. నిటారు అంటే ఎటో మనకు ముగ్గురు చెప్తుంటారు రేవా, కళ్లు, చెవులు, పాదాలు అంది. మామూలు రోజుల్లో ముగ్గురిదీ ఒకే మాట, అందుకే అలాంటివాళ్లు ఉన్నారనే మనకు తెలియదు. నీ ఇంట్లో నీ కళ్లు గోడల్ని నమ్ముతున్నాయి, నీ చెవులు నమ్మడం లేదు, ఆ పోట్లాట కడుపులోకి దిగుతోంది అంది.

మరి బెవన్‌కి అని అడిగాను. చెవులు ఎదురు చెప్పడం మానేశాయి కదా, ఆయనకు పోట్లాటే లేదు అంది. గోడలు ఎలా ఉంటే అదే నిటారు.

ఫోన్ పెట్టేశాక అతని వంక చూశాను. వంటింటి మధ్యలో నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. గోడకు సమాంతరంగా, నది వైపు వాలి, ఈల వేస్తూ.

ఏప్రిల్ 9

వీధికి బెవన్ పెద్దదిక్కు అయ్యాడు.

నేను వెటకారంగా రాయడం లేదు. తల తిరిగే వీధిలో తల తిరగని మనిషి అతనొక్కడే. పొద్దున బఠాణీ సూప్ పెద్ద గిన్నెలో కాచి మూడు ఇళ్లకు మోస్తాడు. లోపలికి వెళ్లాక వాళ్ల పొయ్యి వెలిగిస్తాడు, జారిన బీరువాల కింద చెక్కలు పెడతాడు, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్తాడు. రోడ్డు మీద మాత్రం పాత బెవనే, అడుగడుక్కీ చూసుకుంటూ, కర్ర ఊనుకుంటూ. గుమ్మం దాటి ఒరిగిన ఇంట్లోకి అడుగుపెట్టగానే కర్ర తలుపు వెనక పెట్టేస్తాడు.

ఫెతు తల్లికి అతనంటే ప్రాణం. ఈ అల్లుడొక్కడే నా ఇంట్లో నిలబడటం తెలిసినవాడు అంటుందట.

చిన్న చిన్న ఆఫ్టర్‌షాక్‌లు వస్తూనే ఉన్నాయి. నేను ఉలిక్కిపడి లేస్తాను. అతను పసిపిల్లాడిలా పడుకునే ఉంటాడు. పొద్దున, ఏమైనా వచ్చిందా అని నన్నే అడుగుతాడు.

ఏప్రిల్ 17

కల. ఇల్లు నెమ్మదిగా నదిలోకి దిగింది. ఎవరూ కంగారు పడలేదు. నేను కుట్టిన పరదాలన్నీ నీళ్లలో విచ్చుకుని తెరచాపలయ్యాయి. బెవన్ కప్పు మీద నిలబడి దారి చెప్తున్నాడు. మెలకువ వచ్చాక మంచం కూడా కదులుతున్నట్టే ఉంది. నిజంగా కదిలిందో లేదో.

ఏప్రిల్ 30

పోట్లాడుకున్నాం.

టెమూకా నుంచి మా అన్నయ్య తామతి ఫోన్ చేశాడు. చెల్లీ, అక్కడ వాంతులు చేసుకుంటూ ఎన్నాళ్లుంటావు, వెనక గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యండి అన్నాడు. నేను బతికిపోయాననుకున్నాను. ఎన్నడూ రెండు కిలోలు కూడా తగ్గని ఒళ్లు ఈ రెండు నెలల్లో బట్టలు వదులయ్యేంత తగ్గింది. ఒంటిపూట కూడా కుట్టుపని చెయ్యలేకపోతున్నాను.

బెవన్ రానన్నాడు. ఎందుకని అడిగాను. అక్కడికెళ్తే మళ్లీ రోగినవుతాను అన్నాడు. ఇక్కడ నాకు బాగవుతోంది రేవా.

నీకు బాగవలేదు, ఇల్లు పాడైంది అన్నాను. అనకుండా ఉండాల్సింది. తలుపు చాటున ఉన్న కర్ర తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

జూన్ 13

మధ్యాహ్నం మళ్లీ పెద్ద భూకంపం. బతికే ఉన్నాం. బురద మళ్లీ పైకొచ్చింది. ఇల్లు ఇంకొంచెం ఒరిగింది. స్నానాల తొట్టిలో నీళ్లు ఒక పక్క అంచు దాకా, ఇంకో పక్క అడుగు కనిపిస్తోంది.

జూన్ 23

టీవీలో చెప్పారు. మా వీధి రెడ్ జోన్. ఈ నేల మీద ఇక ఇళ్లు ఉండవు. ఇళ్లను ప్రభుత్వం కొంటుంది, వచ్చే ఏడాదిలోగా అందరూ ఖాళీ చెయ్యాలి.

ఫెతు మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని ఏడ్చింది, తర్వాత టీ అడిగింది. బెవన్ లేచి వంటింట్లోకి వెళ్లాడు. కెటిల్ మరిగి ఆగిపోయిన తర్వాత కూడా చాలాసేపు రాలేదు.

జూలై 9

గొర్రె మాంసం, బంగాళాదుంపలు, కడుపునిండా తిన్నాను. మళ్లీ వడ్డించుకున్నాను కూడా. సాయంత్రానికి గుర్తొచ్చింది, ఈ వారం అసలు వాంతే కాలేదని. పరదాల వంక చూశాను. గోడకు సరిగ్గానే ఉన్నాయనిపించింది.

సంతోషంగా పడుకున్నాను.

జూలై 21

ఊరికి పడమట భూకంపం పెద్దగా తాకని వైపు మిసెస్ ప్రిచర్డ్ ఇల్లు. పోయినవారం ఆమె ముందు గదికి పరదాలు తగిలించి వచ్చాను. ఈ రోజు ఫోన్. రేవా, నువ్వు కాకుండా ఇంకెవరైనా అయితే తిట్టేదాన్ని, ఒకసారి వచ్చి చూడు అంది.

వెళ్లాను. పరదాల కడ్డీ నాకు చక్కగానే ఉంది. ఆమె గదే వంకరగా ఉంది. అలా అనబోయి ఆగి, రసమట్టం అడిగి కడ్డీ మీద పెట్టాను. బుడగ ఒక చివరికి పరుగెత్తింది. ఎప్పుడూ కంటితోనే చూసి కొట్టేదాన్ని, మట్టం పెట్టాల్సిన అవసరం రాలేదు. కడ్డీని సరిచేశాను. సరిచేశాక అది నాకు దారుణంగా కనిపించింది. ఏదో తప్పు పని చేసినట్టు, మళ్లీ అటు చూడకుండా సంచి సర్దుకున్నాను.

బస్సులో ఇంటికొస్తుంటే పోస్టాఫీసు ఒరిగి ఉంది. చర్చి ఒరిగి ఉంది. అందరూ కొంచెం నదికి దూరంగా వాలి నడుస్తున్నారు. మా గుమ్మంలో అడుగు పెట్టాక లోకం కుదురుకుంది.

బెవన్‌కి చెప్పలేదు.

ఆగస్టు 15, సాయంత్రం

తడి కోటు విప్పకుండానే కూర్చున్నాను. రాస్తే కుదుటపడతానేమో.

పొద్దున్నుంచి మంచు. ఇంత మంచు ఈ ఊళ్లో నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. నది లేదు, కంచెలు లేవు. నేల, ఆకాశం కలిసి ఒకటే దుప్పటి. నేను మిషన్ దగ్గర కూర్చుని అంచు కుడుతున్నాను. బెవన్ ఎప్పుడు బయటికెళ్లాడో చూడలేదు.

ఫెతు వచ్చి తలుపు బాదింది. బావ మా ఇంటి కప్పు మీదున్నాడు అంది.

వాళ్ల పొగగొట్టం ఫిబ్రవరిలోనే కూలింది. ఆ కంతకు టార్పాలిన్ కప్పి ఉంచారు. మంచు బరువుకు ఒక పక్క ఊడి, ముసలామె మంచం మీదే మంచు రాలడం మొదలైంది. ఫోన్ చేస్తే రోడ్లు మూసేశారు, రేపు చూద్దాం అన్నారట. తల్లిని మంచంతో సహా జరపడం ఫెతు ఒక్కదాని వల్ల కాదు. సూప్ గిన్నె తీసుకెళ్లిన బెవన్ అది చూశాడు. నిచ్చెన తనే తెచ్చుకున్నాడు. వద్దు బావా, నీ తల కాస్త చూసుకో అని ఫెతు కాళ్లకు అడ్డం పడితే, ఇప్పుడు నాకు బాగానే ఉంది, ఇది నా పని అన్నాడట.

నేను వెళ్లేసరికి పని అయిపోయింది. అది మాత్రం చెప్పుకోవాలి. టార్పాలిన్ నాలుగు మూలలా బిగించి ఉంది. తాళ్లు కడుతున్నంతసేపు అతని కళ్లు తాళ్ల మీద, చేతుల కిందున్న రేకుల గీతల మీద ఉన్నాయట. కట్టడం అయ్యాక తల ఎత్తాడట. ఎత్తితే ఎదురుగా ఏమీ లేదు. అంతా తెలుపు. మళ్లీ కిందికి చూస్తే ఆ గీతలు కూడా మంచు కింద పోయాయి.

బోర్లా పడుకుని కప్పు శిఖరాన్ని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. పిలిచాను. పలికాడు. గొంతు మామూలుగా ఉంది, టీలో పంచదార వేశావా అని అడిగే గొంతు. నాకు అప్పుడే భయం వేసింది.

రేవా, ఏది కింద అని అడిగాడు.

ఇటు అన్నాను.

ఎటు అన్నాడు.

నిచ్చెన ఎక్కాను. కింద ఫెతు పట్టుకుంది. ఛాతీ కప్పు అంచు దాటేదాకా ఎక్కి నిలబడ్డాను. నన్ను చూడు బెవ్ అన్నాను. ఇంకేమీ చూడకు. నా ముఖం చూడు. నా తల ఉన్నది పైన, నా కాళ్లు ఉన్నది కింద. ఇప్పుడు నీకు అంతకు మించి తెలియక్కర్లేదు.

చాలాసేపు చూశాడు. పెళ్లైన కొత్తలో కూడా నన్ను అంతసేపు చూడలేదు. మంచు మా ఇద్దరి మధ్య చప్పుడు లేకుండా పడుతోంది. ఒక దశలో నాకు కూడా అది పడుతోందో పైకి లేస్తోందో తెలియలేదు. అతని కనురెప్పల మీద కుప్పపడుతుంటే రెప్ప వెయ్యడానికి భయపడుతున్నాడు. వెయ్యి, నేనెక్కడికీ పోను అన్నాను. వేశాడు. ఒక్కసారి ఒళ్లంతా బిగుసుకుంది. మళ్లీ కళ్లు తెరిచి నన్ను వెతుక్కున్నాడు.

తర్వాత శిఖరం వదిలి, మెల్లగా లేచి కూర్చుని, నా ముఖం మీంచి చూపు తియ్యకుండా పిర్రల మీద జరుగుతూ వచ్చాడు. అందేంత దూరంలోకి రాగానే నా కోటు కాలరు పట్టుకున్నాడు. ఏడుస్తున్నావా అన్నాడు. మంచు అన్నాను.

ఎలా దిగామో గుర్తులేదు. ఫెతు మా ఇద్దరినీ కలిపి కౌగిలించుకుని సమోవన్‌లో తిట్టింది.

ఆగస్టు 16

ఫెతు మాంసం, సన్న సేమ్యాలు వేసి సాపాసుయి వండి తెచ్చింది. తింటూ నిన్నటిదంతా మళ్లీ ఆడి చూపించింది. బావ పడుకున్నది, నేను పిలిచింది. తర్వాత, అక్కా, ఒక మాట అడుగుతా, నిన్న నిచ్చెన నిటారుగానే ఉంది, నువ్వెందుకలా నది వైపు వాలిపోయావు అంది. కింద నుంచి నీ కోటు అంచు పట్టుకుని ఇటు లాగుతూనే ఉన్నా, నీకు తెలియనే లేదా. అలాంటి నిన్ను చూసి దిగాడంటే మా బావకు ఇంకా నూకలున్నాయి.

లేచి ఎలా వాలానో చేసి చూపించింది. నవ్వి నవ్వి నాకు పొలమారింది. బెవన్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

ఫెతు వెళ్లాక నన్ను పెరట్లోకి రమ్మన్నాడు. ఎప్పుడూ నిలబడేటట్టే నిలబడు అన్నాడు. పనిముట్ల పెట్టెలోంచి తన పాత రసమట్టం తీసి నిలువుగా నా వీపుకు ఆనించాడు. లోహం చల్లగా తగిలింది.  బుడగ ఎటు పోయింది అని అడిగాను. రసమట్టం తీసి పెట్టెలో పెట్టేశాడు.

ఆగస్టు 18

పొద్దున టీ తాగుతూ, ప్రభుత్వం కాగితాల మీద సంతకం పెట్టేద్దాం, వెళ్లిపోదాం అన్నాడు.

నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. ఇప్పుడెందుకు, ఇక్కడ నాకు కూడా బాగానే ఉంది అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది.

అందుకే అన్నాడు. నువ్వు వాంతులు చేసుకున్నన్నాళ్లూ నాకు ధైర్యంగా ఉండేది, తప్పే అది, కానీ ఉండేది. నా కళ్లకు ఏది కనబడినా, మన ఇద్దరిలో ఒకరికి నిజం తెలుసనుకునేవాణ్ని. ఆ ధైర్యంతోనే కప్పెక్కాను. ఇప్పుడు నువ్వు కూడా నాలాగే వాలితే ఇక మనల్ని పట్టుకునేదెవరు.

నీకు అక్కడ మళ్లీ కర్ర వస్తుంది కదా అన్నాను.

వస్తే వస్తుంది అన్నాడు. కప్పు మీద ఏది కిందో అడిగినవాణ్ని, కర్రకు సిగ్గుపడతానా.

అతని చెయ్యి బల్ల మీద నా చెయ్యి పక్కనే ఉంది. టీ రెండు కప్పుల్లోనూ నది వైపే నిలిచి ఉంది.

అక్టోబర్ 29

రంగియోరా అనే పక్క ఊళ్లో అద్దె ఇల్లు. గట్టి నేల. ఫెతు, తల్లితో కలిసి క్రైస్ట్‌చర్చ్‌కు అటు చివర చుట్టాల దగ్గరకు చేరింది. కొత్త ఇంట్లో చారు గిన్నె మధ్యలోనే ఉంటోంది అక్కా, అమ్మకు నచ్చడం లేదు అని ఫోన్‌లో చెప్పింది.

నవంబర్ 6

ఈ ఇల్లు నాకు రోడ్డు వైపు వాలి ఉంది. వాలలేదని తెలుసు. బెవన్ రసమట్టం ప్రతి గోడకూ పెట్టి చూపించాడు. అయినా నడవాలో నడిస్తే భుజం గోడకు రాసుకుంటోంది. మళ్లీ వాంతులు. అతనికేమో మొదటి రోజు నుంచే ఏమీ లేదు. గోడలు ఎలా ఉంటే అలా నిలబడ్డాడు. పెట్టెలు మోశాడు. నాకు తడి గుడ్డ తెచ్చి నుదుటి మీద వేశాడు.

బయటికెళ్తే కర్ర. ఎవరూ తెలిసినవాళ్లు లేని వీధి. నిన్న ఎదురింటామె పలకరించి, కాళ్ల నొప్పులా అని అడిగింది. అతను నిలబడి, ఓపిగ్గా, చెవుల సంగతి మొత్తం చెప్పాడు. మూడేళ్లలో ఎవరికీ చెప్పడం నేను చూడలేదు. ఆమె, అయితే మావారితో మాట్లాడండి, చెక్కల డిపోలో కప్పుల గురించి తెలిసినవాళ్లు కావాలంటున్నారు, కింద కూర్చునే పనే అంది. సోమవారం వెళ్తానన్నాడు.

నవంబర్ 27

రోజూ పొద్దున వీధి చివరిదాకా నడుస్తున్నాం. నేను తూలితే అతను పట్టుకుంటాడు, మబ్బు పట్టి మసక కమ్మితే నేను అతన్ని పట్టుకుంటాను. ఈ రోజు మూడు ఇళ్ల దాకా ఎవరం ఎవర్నీ పట్టుకోలేదు.

డిసెంబర్ 23

మధ్యాహ్నం మళ్లీ కంపించింది, దూరంగా. దీపం ఊగింది. అతను కుర్చీలో నిద్రపోతున్నాడు. లేపలేదు.

జనవరి 8, 2012

ఎండ. పెరట్లో నేను పట్టుకున్న నీళ్ల గొట్టం కింద నిలబడి బెవన్ తల రుద్దుకున్నాడు. నిలబడి. కళ్లు గట్టిగా మూసుకుని. ఒక్క వేలు నా భుజం మీద ఆనించాడు, అంతే, బరువే లేదు. పడలేదు. నీళ్లు పోస్తూ నేను కూడా కళ్లు మూసుకున్నాను.